పాత డెత్ సర్టిఫికెట్లలో జబ్బు పేరు ఏం చెబుతుంది, ఏం దాస్తుంది

1861 డిసెంబర్ 14న విండ్సర్ కోటలో విక్టోరియా రాణి భర్త ప్రిన్స్ ఆల్బర్ట్ చనిపోయాడు. మరణాల రిజిస్టర్‌లో కారణం కింద ఉన్నది ఒక్క ముక్క: టైఫాయిడ్ జ్వరం, 21 రోజులు. ఆయనకు వైద్యం చేసినవాళ్లలో విలియం జెన్నర్ ఒకడు. పేలతో వచ్చే టైఫస్, నీళ్లతో వచ్చే టైఫాయిడ్ రెండూ ఒకటి కాదని, వేర్వేరు జబ్బులని 1850 ప్రాంతంలో లండన్ రోగుల మీద, వాళ్ల శవపరీక్షల మీద పనిచేసి తేల్చింది ఆయనే. ఆ రోజుల్లో టైఫాయిడ్ అనే మాట రాయడానికి ఆయన కంటే అర్హుడు దొరకడు. అయినా ఆ మాటను ఇప్పటి వైద్య చరిత్రకారులు చాలామంది నమ్మడం లేదు. ఆల్బర్ట్ అంతకు చాలా ముందు నుంచే కడుపు నొప్పితో, నీరసంతో బాధపడుతున్నాడు. పేగుల్లో ఏళ్ల తరబడి ఉండే క్రోన్స్ జబ్బు అయి ఉండవచ్చని కొందరు, కడుపులో క్యాన్సర్ అని మరికొందరు అంటారు. శవపరీక్ష చెయ్యలేదు కాబట్టి ఆ వాదన తెగేది కాదు.

రాణిగారి ఇంటి సంగతే ఇలా ఉంటే, మాంచెస్టర్ మురికివాడలో చనిపోయిన నేతపనివాడి రికార్డులో జబ్బు పేరును ఎంతవరకు నమ్మాలి?

పూర్వీకుల వివరాలు వెతుక్కునేవాళ్లకు ఈ ప్రశ్న తరచుగా ఎదురవుతుంది. పాత రికార్డు చేతికొస్తుంది, అందులో జబ్బు పేరు అర్థం కాదు, ఇంటర్నెట్‌లో వెతికితే పట్టికలు దొరుకుతాయి. ఎడమవైపు పాత పేరు, కుడివైపు కొత్త పేరు. థైసిస్ అంటే క్షయ, అపోప్లెక్సీ అంటే పక్షవాతం, డ్రాప్సీ అంటే ఒంటికి నీరు పట్టడం. ఈ పట్టికలు పనికిరావని కాదు, కానీ అక్కడితో ఆగిపోతే దారి తప్పుతాం. పాత పేరు కొత్త జబ్బుకు మారుపేరు కాదు. అది ఎవరో కళ్లతో చూసిన లక్షణం కావచ్చు. ఇంట్లోవాళ్లు చెబితే గుమాస్తా రాసుకున్న మాట కావచ్చు. అసలు సంగతి రాస్తే పరువు పోతుందని డాక్టర్ తిప్పి రాసిన మాట కావచ్చు. ఏ గడిలోనూ పట్టక ఏదో ఒక గడిలోకి తోసేసిన చావూ కావచ్చు. ఇందులో ఏది అన్నది ఆ మాటలో ఉండదు. చుట్టూ ఉన్న వయసు, ఊరు, నెల, వృత్తి, సంతకం చెప్పాలి.

ఇంగ్లండ్‌లో ఈ కథ డాక్టర్లతో మొదలు కాలేదు. లండన్‌లో ప్లేగు భయంతో మొదలైన మరణాల పట్టీలు వారం వారం, ఏడాదికోసారి అచ్చయ్యేవి. చావు జరిగిన ఇంటికి వెళ్లి శవాన్ని చూసి కారణం చెప్పే పని చర్చి వార్డు తరఫున ముసలి ఆడవాళ్లు చేసేవారు. వీళ్లకు చదువు లేదు, వైద్యం రాదు. శవానికి ఇంత అని కూలి. ఆ పట్టీలను లెక్కగట్టి 1662లో పుస్తకం వేసిన జాన్ గ్రాంట్ వీళ్ల గురించి మొహమాటం లేకుండా రాశాడు: కాస్త బీరు పోసి, ఇవ్వాల్సిన కూలికి రెట్టింపు చేతిలో పెడితే సుఖవ్యాధితో పోయినవాడు కూడా చిక్కిపోయి పోయినట్టు లెక్కలోకి వస్తాడని ఆయన అనుమానం. అయితే అదే గ్రాంట్ ఆ లెక్కలను పారెయ్యలేదు. ఏ మాటను నమ్మవచ్చో, ఏ మాటను నమ్మకూడదో విడదీసి పని కానిచ్చాడు. పాత రికార్డు చదివేవాళ్లకు ఇప్పటికీ ఇంతకంటే మంచి పద్ధతి లేదు.

1632 పట్టీని ఒకసారి దగ్గరగా చూస్తే ఆ పద్ధతి ఎలా ఉంటుందో తెలుస్తుంది. ఆ ఏడాది లండన్‌లో పాతిపెట్టినవాళ్లు 9,535 మంది. అందులో ప్లేగు పేరు మీద ఎనిమిది మందే. చిక్కి శల్యమయ్యే కన్సంప్షన్ 1,797. జ్వరం 1,108. నెల నిండని పసికందులు, శిశువులు 2,268. ఇంతవరకు అర్థమవుతుంది. తర్వాత పళ్లు 470, గ్రహం 13, దుఃఖం 11, ఊపిరితిత్తులు పైకి లేవడం 98, దవడ పడిపోవడం 8, రాజుగారి జబ్బు 38, ఉన్నట్టుండి 62, భయం 1.

రాజుగారి జబ్బు అంటే మన గండమాల. మెడ దగ్గర గడ్డలు లేచి చీము కారే క్షయ. రాజు చేత్తో తాకితే నయమవుతుందన్న నమ్మకంతో ఆ పేరు. గ్రహం కొట్టడం అంటే నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోవడం. అందులో మెదడులో రక్తనాళం చిట్లినవాళ్లూ, గుండె ఆగినవాళ్లూ ఉంటారు. గాలి సోకింది అని మన పల్లెల్లో అనేది ఇలాంటివాటినే. ఊపిరితిత్తులు పైకి లేవడం అనేదానికి ఖాయమైన అర్థం ఈనాటికీ లేదు. గొంతు బిగుసుకుని ఊపిరాడక పోయిన చావులన్నీ అందులో పడి ఉంటాయని అంచనా. ఇలాంటి మాటకు కుడివైపు గడిలో ఒకే జబ్బు పేరు రాసిన పట్టికను చూస్తే నమ్మకం కాస్త తగ్గించుకోవడం మంచిది.

పళ్ల సంగతి మాత్రం కాస్త ఆగి చూడాలి. ప్రతి ఇరవై చావుల్లో ఒకటి పళ్ల వల్లనట. పంటి నొప్పితో అంతమంది చచ్చిపోలేదు. ఇది పసిపిల్లలకు పళ్లు వచ్చే వయసు. ఆరో నెల నుంచి రెండో ఏడు దాకా పళ్లు వస్తాయి. సరిగ్గా అప్పుడే తల్లిపాలు తగ్గించి పైపాలు, జావ మొదలుపెడతారు. కలుషితమైన పాలతో విరేచనాలు, జ్వరం, చివరకు ఫిట్స్. చావు వేళకు పళ్లు వస్తున్నాయి కాబట్టి పళ్లే కారణమనుకున్నారు. మన ఊళ్లలోనూ పళ్లు వచ్చేటప్పుడు విరేచనాలవుతాయిలే అని ఊరుకునే పెద్దవాళ్లు ఉన్నారు. ఇంగ్లండ్‌లో డాక్టర్లు సైతం ఈ నమ్మకాన్ని పందొమ్మిదో శతాబ్దం దాకా మోశారు. డెంటిషన్ అని లాటిన్ వాసనతో రాస్తే శాస్త్రంలా కనిపించేది. చిగుళ్లను కత్తితో కోసేవారు. పళ్ల పొడి పేరుతో పాదరసం కలిపిన మందు పట్టించేవారు. ఆ పొడి వల్ల చేతులు కాళ్లు గులాబీ రంగుకు తిరిగి పిల్లలు నరకయాతన పడే పింక్ డిసీజ్ అనే జబ్బు వచ్చేది. దానికి కారణం పాదరసమేనని ఇరవయ్యో శతాబ్దం మధ్యలో గాని తేలలేదు. 1950లలో బ్రిటన్‌లో ఆ పొడుల అమ్మకం ఆగిపోయాక ఆ జబ్బూ కనబడకుండా పోయింది. కాబట్టి పళ్లు అనే మాట వెనక అతిసారం ఉండవచ్చు, మెదడు వాపు ఉండవచ్చు, మందు పేరుతో పోసిన విషం కూడా ఉండవచ్చు.

పసిపిల్లల రికార్డుల్లో మిగతా మాటలూ ఇదే బాపతు. కన్వల్షన్స్ అంటే ఫిట్స్. అది చావు వచ్చిన తీరు, జబ్బు కాదు. మరాస్మస్, అట్రోఫీ, డెబిలిటీ అన్నీ బిడ్డ ఎండిపోయింది అని చెప్పడానికే. ఎందుకు ఎండిపోయిందో చెప్పవు. తల్లి మిల్లుకు వెళ్తే బిడ్డ ఏడవకుండా పట్టించే గాడ్‌ఫ్రీస్ కార్డియల్ అనే తీపి మందులో నల్లమందు ఉండేది. నల్లమందు మత్తులో బిడ్డ ఆకలి అనడు, పాలడగడు. రికార్డులో మాత్రం డెబిలిటీ. విక్టోరియా కాలమంతా ఇంగ్లండ్‌లో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో దాదాపు 150 మంది ఏడాది లోపే పోయారు. అందుకే పసిబిడ్డ రికార్డులో జబ్బు పేరు కంటే ముందు నెల చూడాలి. ఆగస్టు, సెప్టెంబర్‌లో పోయిన బిడ్డకు ఏ పేరు రాసి ఉన్నా ఎండాకాలపు విరేచనాలను మొదట అనుమానించాలి.

1837 జులై 1న ఇంగ్లండ్, వేల్స్‌లో ప్రభుత్వ రిజిస్ట్రేషన్ మొదలైంది. చావు కారణానికి ఒక గడి కేటాయించారు గాని, అందులో డాక్టరే రాయాలన్న నియమం లేదు. ఇంటి మనిషో, పొరుగువాడో వచ్చి చెబితే రిజిస్ట్రార్ రాసుకునేవాడు. రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయంలో లెక్కలు చూసే విలియం ఫార్ వైద్యం చదివినవాడు. మొదటి ఏడాది కాగితాలు చూసి తల పట్టుకున్నాడు. ఒక్కో జబ్బుకు మూడు నాలుగు పేర్లు, ఒక్కో పేరు కింద అన్నే జబ్బులు, అసలు రోగాన్ని వదిలేసి దాని వల్ల వచ్చిన ఉపద్రవాన్ని రాయడం, ఇవీ ఆయన ఫిర్యాదులు. డాక్టర్లకు అచ్చు ఫారాలు పంపారు, ఏ మాట వాడాలో జాబితాలు పంపారు. 1874 చట్టం వచ్చాక గాని వైద్యం చేసిన డాక్టర్ సర్టిఫికెట్ ఇవ్వడం తప్పనిసరి కాలేదు. అందుకని ఇంగ్లిష్ రికార్డు చదివేటప్పుడు కారణం పక్కన సర్టిఫైడ్ అన్న మాట ఉందా లేదా అన్నది జబ్బు పేరంత ముఖ్యం. ఆ మాట లేకుండా డిక్లైన్ (క్షీణించడం) అని మాత్రమే ఉంటే అది ఇంట్లోవాళ్ల మాట. స్కాట్లాండ్ 1855లో ఆలస్యంగా మొదలుపెట్టినా ఈ విషయంలో నయం. జబ్బు ఎన్నాళ్లుందో, డాక్టర్ చివరిసారి ఎప్పుడు చూశాడో కూడా ఆ ఏడాది రిజిస్టర్‌లో అడిగారు.

క్షయ దగ్గర పేర్ల గందరగోళం ఎక్కువ. కన్సంప్షన్, థైసిస్, డిక్లైన్ అన్నవి ఊపిరితిత్తులకు. స్క్రోఫులా మెడకు. టేబీస్ మెసెంటెరికా పిల్లల కడుపుకు, చాలాసార్లు క్షయ పట్టిన ఆవుల పాల ద్వారా వచ్చేది. మెదడులో నీరు అని రాసినవాటిలో చాలా భాగం మెదడు పొరలకు పాకిన క్షయ. ఇవన్నీ ఒకే క్రిమి పని అని 1882 మార్చిలో రాబర్ట్ కాక్ బెర్లిన్‌లో చూపించేదాకా ఎవరికీ తెలియదు. అంతకు ముందు థైసిస్ అని రాసినవాడు క్రిమిని చూసి రాయలేదు. దగ్గు, రక్తం, చిక్కిపోవడం చూసి రాశాడు. కొన్నిసార్లు అదీ చూడకుండా రాశాడనిపిస్తుంది.

యార్క్‌షైర్‌లోని హావర్త్ ఊళ్లో, నవలలు రాసిన బ్రాంటీ అక్కచెల్లెళ్ల తండ్రి అయిన చర్చి ఫాదర్ ఇంట్లో జరిగిన చావులు దీనికి మంచి ఉదాహరణ. 1848 సెప్టెంబర్‌లో కొడుకు బ్రాన్‌వెల్ పోతే రాసిన కారణం క్రానిక్ బ్రాంకైటిస్, మరాస్మస్. తాగుడు, నల్లమందు అతణ్ని తినేశాయని ఊరంతటికీ తెలుసు. కాగితం మీద ఆ మాట లేదు. డిసెంబర్‌లో ఎమిలీ పోయింది. కన్సంప్షన్, రెండు నెలలు. 1855 మార్చి 31న షార్లెట్ బ్రాంటీ పోయింది. కారణం థైసిస్. ఆ ఇంటి చరిత్ర తెలిసిన డాక్టర్ ఆ మాట రాయడంలో వింత లేదు. కానీ షార్లెట్‌కు అంతకు ముందు జూన్‌లో పెళ్లయింది, చనిపోయేనాటికి గర్భవతి. ఆఖరి నెలల్లో ఆమె ఉత్తరాల నిండా వాంతులు, తిండి సయించకపోవడమే. గర్భంతో వచ్చే విపరీతమైన వాంతుల వల్ల ఒంట్లో నీరు, బలం పోయి చనిపోయిందని ఇప్పుడు చాలామంది అనుకుంటారు. క్షయ కూడా తోడై ఉండవచ్చు. గడిలో ఒక్క మాటకే చోటుంటే డాక్టర్ ఇంటికి అలవాటైన జబ్బునే రాశాడేమో. ఇదే ఊరి గురించి 1850లో బెంజమిన్ బాబేజ్ ప్రభుత్వానికి నివేదిక ఇచ్చాడు. చనిపోయేవాళ్ల సగటు వయసు 25.8 ఏళ్లు, నూటికి 41.6 మంది ఆరేళ్లలోపే పోతున్నారని అందులో ఉంది. శ్మశానం కొండ మీద, ఊరి నీళ్ల పంపులు దిగువన. ఒక్కో కుటుంబం రికార్డులో జబ్బు పేరు ఏమున్నా, ఊరి లెక్క వేరే సంగతి చెబుతోంది.

ఇక్కడే వృత్తి గడి గురించి కూడా చెప్పాలి. షెఫీల్డ్‌లో కత్తులు సానపట్టేవాడికి, బంగారు గనిలో రాయి పగలగొట్టేవాడికి థైసిస్ అని ఉంటే అది క్షయ కాకపోవచ్చు. రాతి ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయే సిలికోసిస్ కావచ్చు. దక్షిణాఫ్రికా గనుల్లో దీనికి మైనర్స్ థైసిస్ అనే పేరే స్థిరపడింది. ఇది తేడా తెలియక చేసే తప్పు మాత్రమే కాదు, నష్టపరిహారం ఎవరివ్వాలన్న ప్రశ్న కూడా.

దాచిపెట్టే మాటల కథ వేరు. జనరల్ పెరాలిసిస్ ఆఫ్ ది ఇన్సేన్ అని పిచ్చాసుపత్రి రికార్డుల్లో కనిపిస్తే అది సిఫిలిస్ అనే సుఖవ్యాధి మెదడుకు ఎక్కిన దశ. 1913లో నొగూచి, మూర్ అనే ఇద్దరు ఇలాంటి రోగుల మెదడుల్లో ఆ క్రిమిని చూపించారు. అంతకు ముందు చాలామంది డాక్టర్లకు అనుమానం ఉన్నా పేరు గౌరవంగానే ఉండేది. అదే జబ్బు వెన్నుపాముకు పాకితే రాసే టేబీస్ డోర్సాలిస్ అన్నదీ ఆ కుటుంబమే. బాలింత జ్వరంతో తల్లి పోతే మంత్రసాని చేతుల మీదికో, డాక్టర్ చేతుల మీదికో మాట వస్తుంది. అందుకని కొందరు పెరిటొనైటిస్ (పొట్ట లోపలి పొర వాపు) అని మాత్రమే రాసి కాన్పు మాట ఎత్తేవారు కాదు. ఇరవై, ముప్పై ఏళ్ల స్త్రీకి పెరిటొనైటిస్ అని కనిపిస్తే అదే నెలలో జననాల రిజిస్టర్ తిరగేయాలి. చాలాసార్లు అక్కడ బిడ్డ పేరు దొరుకుతుంది. ఆత్మహత్య జరిగితే విచారణ జ్యూరీలు బుద్ధి స్థిమితం తప్పిన వేళ అని తేల్చేవి. మనిషి తెలిసి చేసుకున్నాడని తేలితే 1870 దాకా ఆస్తి ప్రభుత్వపరం అయ్యే చట్టం ఉంది, ఖననం కూడా మతక్రియలు లేకుండా చాలాకాలం రాత్రిపూటే. ఇంటివాళ్ల మీద దయతో రాసిన మాటను వైద్య నిర్ధారణ అనుకోకూడదు. ఇక దైవ ఘటన అని జ్యూరీ రాస్తే ఆ మనిషి ఉన్నట్టుండి పోయాడని, ఎందుకో వాళ్లకు తెలియలేదని, అంతే.

ఇప్పుడు డ్రాప్సీ సంగతి. కాళ్లు వాచి, పొట్ట ఉబ్బి, ఒంటికి నీరు పట్టడం. పట్టికలు ఇక్కడే ఎక్కువ మోసం చేస్తాయి. ఎందుకంటే నీరు పట్టడం గుండె వల్ల రావచ్చు, మూత్రపిండాల వల్ల రావచ్చు, కాలేయం వల్లా రావచ్చు. లండన్‌లో రిచర్డ్ బ్రైట్ 1827లో నీరు పట్టి పోయిన కొందరి మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ను, శవపరీక్షలో చెడిపోయిన మూత్రపిండాలను చూపించాక బ్రైట్స్ డిసీజ్ అనే పేరు వచ్చింది. ఇంగ్లిష్ పిల్లవాడికి స్కార్లెట్ జ్వరం తర్వాత రెండు మూడు వారాలకు డ్రాప్సీ అని ఉంటే మూత్రపిండాలే. అరవై ఏళ్ల తోటమాలికి అదే మాట ఉంటే గుండెను ముందు అనుకోవాలి.

అదే మాట తూర్పు తీరానికి వస్తే లెక్క మారిపోతుంది. మచిలీపట్నం నుంచి గంజాం దాకా ఉన్న ఉత్తర సర్కారులు పందొమ్మిదో శతాబ్దంలో ఇండియాలో బెరిబెరికి పేరుపడ్డ ప్రాంతం. మద్రాసు సైన్యంలో డాక్టర్‌గా ఉన్న మాల్కంసన్ 1835లో ఈ జబ్బు మీద ఒక బహుమతి వ్యాసమే రాశాడు. కాళ్లు తిమ్మిరెక్కి, తర్వాత ఒంటికి నీరు పట్టి, గుండె ఆగి సిపాయిలు పోయేవారు. అప్పట్లో దీనికి తేమ అని, గాలి అని కారణాలు వెతికారు. అసలు కారణం తిండి. వడ్లు ఉడకబెట్టకుండా దంచి, తవుడు పోయేలా తెల్లగా చేసిన బియ్యం తినేచోట విటమిన్ బి1 అందదు. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో ఈ జబ్బు తక్కువ. డచ్ వైద్యుడు ఐక్‌మన్ జావాలో కోళ్లకు తెల్ల అన్నం పెట్టి ఈ దారి కనిపెట్టాడు. 1929లో నోబెల్ వచ్చింది. సర్కారు జిల్లాల్లోని ఒక సిపాయి రికార్డులో డ్రాప్సీ అని ఉంటే, లండన్‌లో తయారైన పట్టిక చూసి గుండె జబ్బు అని రాసుకోవడం పొరపాటు. తెల్ల బియ్యాన్ని ముందు అనుమానించాలి.

కలకత్తాకు వెళ్తే ఇంకో అర్థం. 1877లో అక్కడ డ్రాప్సీ ఒక అంటురోగంలా విరుచుకుపడింది. మరుసటి ఏడాది మారిషస్‌లోని భారతీయ కూలీలలోనూ కనిపించింది. అది క్రిమి పని కాదు. ఆవనూనెలో బ్రహ్మదండి గింజల నూనె కలవడం వల్ల వచ్చే విషం. పొలాల గట్ల మీద పసుపు పూలతో, ముళ్లతో కనిపించే మొక్కే అది. గింజ చూడటానికి ఆవగింజలా ఉంటుంది. 1998లో ఢిల్లీలో కూడా ఇదే కల్తీతో జనం చనిపోయారు. మారిషస్‌కు తెలుగు కూలీలు కోరంగి రేవు నుంచి వెళ్లడం వల్ల అక్కడ తెలుగువాళ్లకు కోరంగీలు అనే పేరే పడింది. వాళ్ల వారసులు 1878 ప్రాంతపు కాగితాల్లో డ్రాప్సీ చూస్తే ముందు తారీఖు చూడాలి, తర్వాత వంటనూనె గురించి ఆలోచించాలి.

దేశంలో మాత్రం అసలు సమస్య జబ్బు పేరు అర్థం కాకపోవడం కాదు, పేరే లేకపోవడం. మద్రాసు ప్రెసిడెన్సీలో పల్లె చావులను రాసేది గ్రామ మునసబు. ఆయన దగ్గర ఉన్న గడులు కొన్నే: కలరా, మశూచి, జ్వరాలు, విరేచనాలు, తర్వాత ప్లేగు, ఊపిరితిత్తుల జబ్బులు, ప్రమాదాలు, ఇతరాలు. కలరాను, మశూచిని చూసి పోల్చడంలో ఊరి మనిషి పొరబడేది తక్కువ. గత్తర వస్తే ఊరు ఊరే ఎత్తిపోతుంది. అమ్మవారు పోస్తే ఒంటి నిండా కనిపిస్తుంది. ఆ రెండు గడుల్ని చాలావరకు నమ్మవచ్చు. మిగిలినదంతా జ్వరం గడిలోకి వెళ్లింది. సంధి పుట్టి పోయినవాడు, సన్నిపాతమని పది లంఖణాలు చేసి పోయినవాడు, చలిజ్వరంతో వణికి పోయినవాడు, బాలింత, క్షయరోగి అందరూ అందులోనే. గోదావరి ఏజెన్సీలో మన్యం జ్వరం అంటే చాలావరకు మలేరియా. 1879లో మొదలైన రంప తిరుగుబాటును అణచడానికి వెళ్లిన పటాలాలను తుపాకుల కంటే ఈ జ్వరమే ఎక్కువ పడగొట్టింది. దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ చూసింది 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో. ఆ తర్వాత కూడా పల్లె రిజిస్టర్‌లో మాట మారలేదు, జ్వరమే.

1918లో స్పానిష్ ఫ్లూ వచ్చినప్పుడు ఈ లోటు పూర్తిగా బయటపడింది. గడుల్లో ఇన్‌ఫ్లుయెంజా లేదు. దేశం మొత్తం మీద కోటికి పైగా పోయారని పరిశోధకులు ఎలా చెప్పగలిగారంటే, ఆ అక్టోబర్, నవంబర్ నెలల్లో జ్వరాల గడి, ఊపిరితిత్తుల గడి మామూలు ఏళ్ల కంటే ఎంత ఉబ్బాయో చూసి. 1918 చివరి నెలల్లో ముప్పై ఏళ్ల తాతగారో, అమ్మమ్మో జ్వరంతో పోయినట్టు రాసి ఉంటే, ఇంట్లో ఇద్దరు ముగ్గురు వారం తేడాతో పోయి ఉంటే, ఆ జ్వరం ఏదో ఊహించడం కష్టం కాదు.

మద్రాసు నుంచి కూలీలతో బయల్దేరిన ట్రూరో ఓడ 1860 నవంబర్ 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అప్పటి నుంచి అక్కడి నాటాల్ ప్రాంతపు చెరకు తోటల్లో చనిపోయిన తెలుగు, తమిళ కూలీల కాగితాలు ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి. ఓడ మీద సర్జన్, తోటలో మేనేజర్, ఆసుపత్రిలో డాక్టర్ రాసినవి. కూలీ చావుకు యజమాని జవాబు చెప్పాల్సి వచ్చేచోట డెబిలిటీ అన్న మాటను అనుమానంగా చూడాలి. పని చెయ్యలేక పడిపోయిన మనిషికి ఒంట్లోనే బలం లేదని రాస్తే తిండి గురించి, దెబ్బల గురించి ఎవరూ అడగరు.

చేతిరాత దగ్గర చిక్కులు చిన్నవే గాని విసిగిస్తాయి. థైసిస్‌కు ఇంగ్లిష్‌లో పీ, హెచ్, టీ, హెచ్ వరసగా వస్తాయి. ఇండెక్స్ రాసేవాళ్లు దాన్ని ఇష్టమొచ్చినట్టు చదివారు. టైఫస్ అనుకుని ఎక్కించినవీ ఉంటాయి. ఇంగ్లండ్ లెక్కల్లో టైఫస్, టైఫాయిడ్‌లను 1869లో గాని విడదీయలేదు. కాబట్టి అంతకు ముందు టైఫస్ అని ఉంటే అది పేలతో వచ్చేదో, నీళ్లతో వచ్చేదో ఆ మాట చెప్పదు. చలికాలం, జైలు, ఓడ, కరువు తోడైతే పేలు. ఒకే బావి నీళ్లు తాగిన వీధి అయితే నీళ్లు. వ్యవధి చాలా పనికొస్తుంది. కలరా రెండు మూడు రోజుల్లో, టైఫాయిడ్ మూడు వారాల చుట్టూ, క్షయ నెలలు, ఏళ్లు. కలరా అని ఉండి వ్యవధి పది రోజులుంటే ఏదో తేడా ఉందన్నమాట. ఇంగ్లిష్ కలరా అని వేరే మాటే ఉంది, అది మామూలు వాంతులు విరేచనాలు.

అమెరికా సర్టిఫికెట్లలో ఇంకో సాయం ఉంది, చాలామంది చూడకుండా వదిలేస్తారు. కారణం పక్కన వేరే సిరాతోనో, పెన్సిల్‌తోనో ఒక అంకె గీసి ఉంటుంది. అది డాక్టర్ రాసింది కాదు, లెక్కల కార్యాలయంలో గుమాస్తా వేసిన కోడ్. ఫ్రెంచ్ గణాంకవేత్త జాక్ బెర్టిలాన్ 1893లో తయారుచేసిన జాబితా ఇప్పుడు ప్రపంచమంతా వాడే జబ్బుల వర్గీకరణ ఐసీడీకి మూలం. 1900 నుంచి దాన్ని దాదాపు పదేళ్లకోసారి సవరించారు. ఏ ఏడాది సర్టిఫికెట్టో చూసి ఆ సవరణ జాబితా తీస్తే అంకె అర్థమవుతుంది. తొలి సవరణల్లో 1 అంటే టైఫాయిడ్. ఇంకో సవరణ జాబితాతో చదివితే తప్పు జబ్బు వస్తుంది. డాక్టర్ చేతిరాత అర్థం కాకపోయినా, అప్పటి గుమాస్తా దాన్ని ఏమని చదివాడో ఈ అంకె చెబుతుంది. గుమాస్తా కూడా పొరబడవచ్చు, అది వేరే సంగతి.

చావు తీరును చావు కారణంగా రాయడం మాత్రం పాతకాలంతో పోలేదు. విక్టోరియా కాలపు డాక్టర్లు ఎగ్జాషన్ అని, సింకొపీ అని రాసి ఊరుకునేవారు. ఒకటి నీరసం, ఒకటి సొమ్మసిల్లడం. మన దేశంలో 1969 చట్టం కింద ఆసుపత్రి చావుకు ఫారం 4, ఇంటి దగ్గర చావుకు ఫారం 4ఏ ఉన్నాయి. వాటిలో మొదటి గడి దగ్గరే హెచ్చరిక అచ్చు వేసి ఉంటుంది: జబ్బు పేరు రాయండి, హార్ట్ ఫెయిల్యూర్, నీరసం లాంటి చావు తీరు రాయకండి అని. 2020లో దేశంలో నమోదైన చావుల్లో డాక్టర్ కారణం సర్టిఫై చేసినవి 22.5 శాతమే. వాటిలోనూ ఆ హెచ్చరిక కింద కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్ అని రాసిన కాగితాలు రికార్డు రూముల్లో దండిగా ఉన్నాయి. చనిపోయిన ప్రతి మనిషికీ గుండె, ఊపిరి ఆగుతాయి. వందేళ్ల తర్వాత వాటిని చదివేవాళ్లు కూడా మళ్లీ వయసు, ఊరు, నెల చూసుకోవాల్సిందే. ఊపిరితిత్తులు పైకి లేవడం 98 అన్న లెక్క ముందు మనం ఎలా తికమకపడుతున్నామో, అరెస్ట్ అన్న మాట ముందు వాళ్లూ అలాగే పడతారు.